చూరు దాటి చెప్పిన మాట

మా కొండ కింది ఊళ్లలో ఇంటి కప్పు కింద ఆడిన మాటకు విలువ సగమే. ఇది మా పసిపిల్లలకు కూడా తెలుసు. ఎవరైనా "ఒట్టు" అన్నారంటే పెద్దవాళ్లు వెంటనే "అయితే బయటికి నడు" అంటారు. చూరు దాటి, నెత్తి మీద ఏ అడ్డమూ లేకుండా, ఆకాశానికి దేవుడైన జూపిటర్ తండ్రి పైనుంచి చూస్తుండగా అంటేనే అది ఒట్టు. లోపల అన్నది ఉత్త కబురు. అందుకే మేం లోపల కూర్చుని నోటికొచ్చిన అబద్ధాలు హాయిగా ఆడుకుంటాం. ఎవరి మేక ఎవరి చిక్కుడు మేసిందో, పొయ్యి మీద రొట్టె ఎవరు మాడ్చారో, అవన్నీ కప్పు కింది వ్యవహారాలు.

మా అత్త కొస్సూటియా ఈ విషయంలో అందరికన్నా గట్టిది. చుట్టాలొస్తే లోపల కూర్చోబెట్టి "మా కోడలు టిటినియా బంగారం" అనేది. వాళ్లు గడప దాటగానే "బంగారమట! కుమ్మరి బంగారం, కింద పెడితే పగులుతుంది" అని తనే నవ్వుకునేది. నా పుట్టిల్లు నది ఒడ్డున కుండలు చేసే ఇల్లు. ద్రాక్ష తీగకు మొదలెక్కడో చివరెక్కడో తెలియకుండా కాపురానికి వచ్చాను. వచ్చిన ఆరేళ్లూ ఆ మాట వింటూనే ఉన్నాను. అత్త లేని కోడలు ఉత్తమురాలని ఊరికే అనలేదు. ఉత్తమురాలినయ్యే యోగం నాకు లేదనుకుని ఊరుకున్నాను.

ఆ ఏడు ద్రాక్ష రంగు తిరుగుతున్న రోజుల్లో కొండ మీద మబ్బు పట్టింది. నల్లది కాదు, ఆకుపచ్చగా, కుళ్లిన గాయంలాగా ఉంది. అలాంటి మబ్బు మా వాళ్లందరికీ తెలుసు, అది వడగళ్ల మబ్బు. మా ఆయన మామెర్కస్ తోట మధ్యకు పరిగెత్తాడు. పైబట్ట నెత్తిన కప్పుకుని, అరచేతులు పైకి తిప్పి, కొండ వైపు చూస్తూ గట్టిగా మొక్కుకున్నాడు. "జూపిటర్ తండ్రీ, ఈ తోటను కాపాడు. ఈ తోట పళ్ల రసం, మచ్చలేనిది, మా ఇంట్లో ఎవరం నోట పెట్టకముందే వసంతంలో పండుగనాడు నీకు జాడీ నిండా పోస్తాను."

మా తోట మీద ఒక్క గడ్డ పడలేదు. నేను చూరు కింద నిలబడి చూస్తూనే ఉన్నాను. మబ్బు మా గట్టు దాకా వచ్చి, అక్కడ పక్కకు తిరిగి, హెరియస్ తోట మీద కుమ్మరించింది. పిడికిలి లావు గడ్డలు. అరగంటలో అతని తీగలన్నీ కట్టెపుల్లలయ్యాయి. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, ఏ పాపమూ ఎరుగని మనిషి మీద పడింది.

హెరియస్ మా గట్టు అవతలి మనిషి. యాభై దాటినవాడు, పెళ్లాం పోయి ఒంటరిగా ఉండేవాడు. ఎప్పుడో ఒక మేక విషయంలో మా అత్తకూ అతనికీ మాటలు పోయాయి. వడగళ్లు పడిన మర్నాడు అతను గట్టు మీదికొచ్చి మామెర్కస్‌తో ఒకే ఒక మాట అన్నాడు. "నువ్వు నెట్టావు, నా మీద పడింది." తర్వాత మా వైపు చూడటం మానేశాడు.

మామెర్కస్ ఆ మాటకు కుంగిపోయాడు. పైగా కోత రోజులకు అతనికి బురదనేలల చలిజ్వరం పట్టుకుంది. ఒకరోజు వణుకు, ఒకరోజు చెమట, లేచి నిలబడే ఓపిక లేదు. కోతకొచ్చిన కూలీలు రెండు రోజుల్లో కోసి, పక్క ఊళ్లో పని ఉందని పోయారు. పళ్లన్నీ తొట్టి పక్కన బుట్టల్లో ఉన్నాయి. తొక్కేది మగవాడు, మగవాడు మంచంలో. అత్తకు మోకాళ్ల నొప్పులు. మిగిలింది నేను.

మొదటి రోజే అరికాలు తెగింది. ఎవరో కూలివాడు తీగ కోసే కొడవలి బుట్టలో మరిచిపోయాడు, నేను బుట్ట వంచుతుంటే అది కింద పడింది, చూసుకోక దాని మీద కాలు వేశాను. లోతుగానే దిగింది. అరుద్దామని నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాను. అత్త వరండాలోంచి చూస్తూ "కుమ్మరి కాళ్లు మట్టి తొక్కడానికే గానీ ద్రాక్షకు పనికిరావు" అని అంతకు కాసేపటి ముందే అంది. ఆ మాట నిజం చెయ్యడం నాకిష్టం లేదు. గాయానికి సాలెగూడు అద్ది, ఉన్ని గుడ్డ బిగించి కట్టి, తొట్టిలో దిగాను. మూడు రోజులు తొక్కాను. రసం ఎరుపే కాబట్టి ఎవరికీ ఏమీ తెలియలేదు. నొప్పి పుట్టినప్పుడల్లా పాట అందుకునేదాన్ని. అత్త విని "హుషారు చూడు" అంది.

మూడు బానలూ నిండాయి. తోట చివర రెండు వరుసలు పచ్చిగా ఉన్నాయని కూలీలు కోయకుండా వదిలేశారు, అవి తర్వాత పండాయి. ఒకరోజు గట్టు అవతల హెరియస్ తన ఎండిన తీగల మధ్య, చేతిలో గొడ్డలితో, ఊరికే కూర్చుని కనిపించాడు. నాకు ప్రాణం ఉసూరుమంది. గట్టు దగ్గరికి వెళ్లి, ఆ రెండు వరుసలు నువ్వు కోసుకో మామా అన్నాను. అతను సాయంత్రానికి బుట్టతో వచ్చాడు.

అత్తకు తెలిసి ఇల్లు పీకి పందిరేసింది. అబ్బ సొమ్మా, తాత సొమ్మా, పంచిపెట్టడానికి నీకెవరిచ్చారు అధికారం అంది. పుట్టింటి నుంచి తెచ్చావా అంది. నేను తల వంచుకుని విన్నాను, ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలేశాను. ఇచ్చిందాన్ని వెనక్కి తీసుకోనని మాత్రం మనసులో గట్టిగా అనుకున్నాను.

చలికాలం నడిమిన ఒకరోజు, పొయ్యి దగ్గర కూర్చుని ఇద్దరం చిక్కుడు గింజలు ఒలుస్తున్నాం. అత్త మంచి మాటల్లో ఉంది. దేవుడికి ఏ రసం పోయవచ్చో, ఏది కూడదో చెప్పుకొస్తోంది. కొమ్మ కత్తిరించని తీగది పనికిరాదట. పిడుగు తాకిన తీగది పనికిరాదట. "కాలికి గాయం ఉన్నవాళ్లు తొక్కింది అసలే పనికిరాదు. మనుషులు తాగొచ్చు, ఏం కాదు. దేవుడికి మాత్రం చుక్క పొయ్యకూడదు."

నా ఒళ్లో గిన్నె జారి గింజలన్నీ బూడిదలో పడ్డాయి. అత్త నా వైపు చూసి, నీ కాళ్లు బాగానే ఉన్నాయిగా అప్పుడు, అంది. "బాగానే ఉన్నాయత్తా" అన్నాను. కప్పు కింద మాటే కదా.

కప్పు కింద మాటే, కానీ లోపల ఎలుక దూరినట్టు కొరుకుతూనే ఉంది. మూడు బానల్లో ఏది మంచిదని చెప్పను, మూడూ నేనే తొక్కాను. ఆ తోట తప్ప మాకు వేరే బతుకు లేదు. మొక్కు తీరకపోతే వచ్చే ఏడు ఆ ఆకుపచ్చ మబ్బు గట్టు దగ్గర పక్కకు తిరగదు. అలాగని మచ్చ పడ్డ రసం పోస్తే, అది ఇవ్వకపోవడం కన్నా హీనం. మామెర్కస్‌తో చెబుదామని ఎన్నిసార్లు నోరు తెరిచానో. జ్వరం తగ్గి లేచినప్పటి నుంచీ అతను రోజూ పొద్దున్నే మొదటి బాన మూత మీద చెయ్యి వేసి, తండ్రీ నీదే, అనుకుని పనిలోకి పోయేవాడు. బాన మీద సుద్దతో చిన్న మెరుపు గుర్తు కూడా గీశాడు. ఆ ముఖం చూసి నేను తిరిగి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయేదాన్ని.

అలా అలా చలికాలం పోయింది, తీగలు చిగురించాయి, పండుగ రానే వచ్చింది. ఆ పొద్దున ఇంటి ముందు మట్టిగడ్డలతో కట్టిన చిన్న బలిపీఠం మీద ఆకులు పరిచాం. మామెర్కస్ తెల్లటి బట్ట కట్టుకున్నాడు. నేను వరండాలో పొయ్యి దగ్గర రొట్టెలు కాలుస్తున్నాను. అప్పుడు అత్త కర్ర నేలకు తాటిస్తూ పిలిచింది.

"టిటినియా, ఆ రొట్టెలు వదిలి రా. తొక్కినవాళ్లు బయటికొచ్చి చెప్పాలి."

ఏటా ఈ సమయానికి మామెర్కస్ చూరు దాటి వెళ్లి, కొండ వైపు తిరిగి ఏదో గొణిగి వచ్చేవాడు. నేను రొట్టెల పనిలో ఉండి ఎప్పుడూ వినలేదు. ఆ రోజు తెలిసింది, అది ఒట్టు. "ఈ రసం తొక్కిన కాళ్లకు గాయం లేదు" అని ఆకాశం కింద నిలబడి అనాలి. ఈసారి తొక్కింది నేను గనక నేనే అనాలి.

వరండా నుంచి బయటికి నాలుగు అడుగులు. ఆ నాలుగు అడుగుల్లోనూ నేను అబద్ధమే కూర్చుకుంటూ నడిచాను, దాచడం ఎందుకు. నాలుగు మాటలు, అనేసి వచ్చి రొట్టె తిప్పుకోవచ్చు. గాయం మానిపోయింది, ఎవరు చూడొచ్చారు? చూరు నీడ దాటాను. నెత్తి మీద ఎండ పడింది. పైకి చూశాను. ఎంత నీలంగా ఉందో, కొండ కొన దాకా ఒక్క మబ్బు తునక లేదు. మా తోటను ఒక్క గడ్డ పడకుండా కాచిన ఆకాశం అదే. దాని ముఖం మీద అబద్ధం ఎలా ఆడను? నా నాలుక తిరగలేదు.

"నా కాలు తెగింది" అన్నాను. "మొదటి రోజే తెగింది. మూడు బానలూ ఆ కాలితోనే తొక్కాను."

మామెర్కస్ చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. వెనక రొట్టె మాడుతున్న వాసన వస్తోంది. నేను ఏడుపు ఆపుకోలేదు. నియమం తెలియక తొక్కానని, తెలిశాక భయపడి దాచానని, మొత్తం కక్కేశాను. అత్త కర్ర పోటేసుకుంటూ వచ్చి, మోకాళ్లు పట్టుకుని నా ముందు కూర్చుంది. నా కాలు పైకెత్తి అరికాలి మీద మచ్చ చూసింది. వేలితో దాని పొడవు తడిమింది.

"ఈ కాలితో మూడు రోజులు తొక్కావా?"

"ఊఁ."

"పాటలు కూడా పాడావు గదే."

తిట్లు పడతాయని ఎదురుచూశాను. పడలేదు. అత్త చాలాసేపు ఆ కాలు వదలకుండా కూర్చుంది. మామెర్కస్ మెల్లగా, ఇప్పుడేం చెయ్యాలమ్మా, వేరే రసం కొనుక్కొద్దామా అన్నాడు. ఈ తోట రసం పోస్తానని మొక్కినవాడివి నువ్వే గదరా, సంతలో కొన్నది ఎలా పోస్తావని అత్త కసిరింది. తర్వాత తోట చివరకు, కోతప్పుడు వదిలేసిన ఆ రెండు వరుసల వైపు చూసింది. చూసి చూసి, నోట్లో చేదుమాత్ర పెట్టుకున్నట్టు ముఖం పెట్టింది.

"మన తోట రసం ఇంకొక జాడీ ఉంది. హెరియస్ దగ్గర."

ఆ మాట ఆమె నోటే రావాలని రాసిపెట్టి ఉంది కాబోలు. ఏ రెండు వరుసల కోసం నన్ను ఆరు రోజులు తిట్టిందో, ఆ రెండు వరుసల పళ్లు. వాటిని తొక్కింది హెరియస్, తన కాళ్లతో.

ఎవరు వెళ్లి అడగాలి అన్నప్పుడు మామెర్కస్ తల దించుకున్నాడు. నువ్వు నెట్టావు అన్న మాట అతనికింకా గుచ్చుకుంటూనే ఉంది. నేనే వెళ్తానన్నాను. అత్త లేచి, ఒక్కదానివే పోయి నన్ను చెడ్డదాన్ని చేస్తావా అంటూ నా భుజం పట్టుకుంది. మేక గొడవ తర్వాత పదకొండేళ్లకు ఆమె ఆ గట్టు దాటింది.

హెరియస్ తన ఇంటి ముందు ఒక్కడే పండుగ చేసుకుంటున్నాడు. చిన్న పీఠం, రెండు ఆకులు, దాని పక్కన ఒకే ఒక జాడీ, ఇంకా మూత తియ్యలేదు. ఆ ఏడాదికి అతనికున్నది అంతే. మమ్మల్ని చూసి లేచాడు. అత్త జరిగిందంతా దాపరికం లేకుండా చెప్పింది, నా కాలు సంగతితో సహా. చెప్పి, నీ జాడీ మాకు కావాలి అంది.

అతను జాడీ మూత మీద చెయ్యి వేశాడు. మెల్లగా అడిగాడు.

"వడగళ్లు మీ మీద పడకుండా నా మీద పడ్డందుకు, నా జాడీతో దణ్ణం పెడతారా అక్కా?"

మా అత్త తల తిప్పుకుని మా గట్టు వైపు చూసింది. అతనన్నది నిజం. ఇచ్చింది తిరిగి అడగడం తప్పే మామా, వెళ్తాం, అని మాత్రం అన్నాను. వెనక్కి తిరిగాను కూడా. అతను నన్ను ఆపాడు.

"ఏదో ఒకటి గొణిగేస్తే అయిపోయేది గదమ్మా. ఎవరికి తెలిసేది?"

"అందామనే బయటికెళ్లాను మామా. పైకి చూశాక నోరు రాలేదు. ఆ జూపిటర్ తండ్రి ఇచ్చింది తిన్నాం, కట్టుకున్నాం. ఆయన ముందు ఎలా అనను?"

అతను నా వైపు కాదు, తన తోట వైపు చూశాడు. అప్పుడే మేమూ చూశాం. వడగళ్లకు విరిగిన ఆ మోడుల మీద, కణుపు కణుపునా, గోరంత గోరంత చిగుళ్లు.

అప్పుడు చెప్పాడు. ఆ గొడ్డలి పట్టుకుని కూర్చున్న రోజు తీగలన్నీ నరికి, నేల ఎవరికో అప్పజెప్పి, పట్నం పోయి బరువులు మోసుకుని బతుకుదామనుకున్నాడట. నేను గట్టు దగ్గరికి వచ్చి రెండు వరుసలు కోసుకోమన్నాక, సరే, ఇవి తొక్కి వెళ్దాంలే అనుకున్నాడట. తొక్కుతుంటే, ఈ రసం పులిసి పొంగు తగ్గేదాకా ఉందాం అనుకున్నాడట. పొంగు తగ్గాక, పండుగ దాకా ఉందాం అనుకున్నాడట. అలా ఉండిపోతే ఇవి చిగిర్చాయట. "గొడ్డలి వేసుంటే ఇవేవీ ఉండేవి కావు. నేను కూడా దణ్ణం పెట్టాల్సినవాణ్నే. నెట్టాడని నోరు జారాను గానీ, దేవుణ్ని నెట్టేంత మొనగాడా మీ మామెర్కస్."

జాడీ ఎత్తి చంకన పెట్టుకున్నాడు. "పదండి. కానీ మొక్కులో నా తోట పేరు కూడా చెప్పాలి. ఈ చిగుళ్లకు కూడా కలిపి పొయ్యాలి."

అత్త సరేననలేక తల ఊపింది. ఆమె కళ్ల వెంట నీళ్లు కారుతుంటే ఎండ గుచ్చుతోందని పైట అడ్డం పెట్టుకుంది.

మా వాకిట్లో హెరియస్ చెప్పులు విప్పి రెండు పాదాలూ ఎత్తి ఆకాశానికి చూపించాడు. పలకల్లాంటి పాదాలు, మడమల నిండా పగుళ్లు. పగుళ్లు గాయం కిందికి రావుగదా అని మామెర్కస్‌ను అడిగాడు, అందరం నవ్వాం. ఎంత కాలానికి నవ్వానో. తర్వాత అతను నవ్వు ఆపి, "ఈ రసం తొక్కిన కాళ్లకు గాయం లేదు" అని గట్టిగా అన్నాడు.

మామెర్కస్ బట్ట నెత్తిన కప్పుకున్నాడు. జూపిటర్ తండ్రీ, అని మొదలుపెట్టి, నా తోట, నా ఇల్లు, నా ఇంటివాళ్లు అన్నాడు. హెరియస్ తోట, హెరియస్ తీగలు, వాటి చిగుళ్లు అని కూడా అన్నాడు. జాడీ వంచి మొత్తం పోశాడు, చుక్క మిగల్చలేదు. మట్టిపీఠం తాగేసింది. ఉరుము ఉరమలేదు, మెరుపు మెరవలేదు, ఏ పక్షీ ఎగరలేదు. ఆకాశం ఊరికే నీలంగా ఉంది. ఆకాశం అలా ఊరికే ఉంటే చాలు, మాలాంటి వాళ్లకు అంతకన్నా ఏం కావాలి. నాకు లోపలి నుంచి ఒక్కటే మాట వచ్చింది, తండ్రీ చల్లగా ఉండు, చల్లగా ఉండు, అని. దేవుడికి దీవెన ఇవ్వడానికి నేనెవరిని, కానీ అదే వచ్చింది.

తర్వాత మా బాన మూత తీశాం. మనుషులకు పనికొచ్చే రసమే గదా. అత్త అతని జాడీ కడిగించి, మా బానలోది నింపి, ఇంకో రెండు జాడీలు కూడా పక్కన పెట్టి ఇచ్చింది. హెరియస్ ఒక గుక్క తాగి, పెదవి తుడుచుకుని, కుమ్మరి కాళ్లకు మట్టే కాదు, ఇది కూడా బాగానే అబ్బిందే అన్నాడు. అత్త వైపు చూడకుండా అన్నాడు. అత్త కూడా విననట్టే ఊరుకుంది.

అతను వెళ్లాక నేను గిన్నెలు తీస్తుంటే, అత్త వచ్చి నా చెయ్యి పట్టుకుంది. వరండా దాటించింది. చూరు నీడ దాటించింది. నడి వాకిట్లో, ఎండలో నన్ను నిలబెట్టి, తను తల పైకెత్తి, కళ్లు చికిలించుకుంటూ ఆకాశం వైపు చూసింది.

"ఇది నా కూతురు" అంది.

అని నా చెయ్యి వదిలి లోపలికి వెళ్లిపోయింది. వెళ్లిన కాసేపటికి, రొట్టెలన్నీ మాడి బొగ్గయ్యాయని, ఈ ఇంట్లో తను తప్ప పట్టించుకునేవాళ్లే లేరని లోపల్నుంచి అరవడం వినిపించింది. నేను మాత్రం ఇంకాసేపు ఎండలోనే నిలబడ్డాను.